ఒక్క పగటి పందెము

సైకిలు పందెమనగానే మనలో పెక్కుమందికి జ్ఞప్తికి వచ్చునది ఫ్రాన్సు దేశమున ఏటేట వేసవిలో జరుగు టూర్ ద ఫ్రాన్సు. మూడు వారములపాటు, ఇరువదియొక్క అంచెలుగా, కొండలెక్కి లోయలు దిగి సాగెడు ఆ మహాప్రయాణపు కీర్తి సముద్రములు దాటి మనవరకును వచ్చినది. కాని పశ్చిమ ఐరోపాలో తాతలనాటినుండి సైకిలు పందెములను చూచుచున్న ఇంటివారిని, ‘మీ మనసునకు మిక్కిలి దగ్గరైన పందెమేది?’ అని అడిగినచో వచ్చు సమాధానము వేరుగా ఉండవచ్చును. బెల్జియములోని ఫ్లెమిష్ రైతు తన పొలముల నడుమనున్న మిట్టలమీదుగా పోవు ఫ్లాండర్సు పందెమును చెప్పును. ఉత్తర ఫ్రాన్సులోని పాత గని కార్మికుడు పారిస్–రూబే అనును. ఇటలీలో మిలాను నగరవాసి, తనకు వసంతాగమనమును తెలుపునది మిలాన్–సాన్ రేమో పందెమేగాని పంచాంగము కాదనును. ఇవి మూడును ఒక్కనాటి పందెములే. ఉదయము బయలుదేరి, ప్రొద్దు వాలులోపల ముగిసిపోవునవి. నూరేండ్లు పైబడినవి.

ఒక్క పగటిలో ముగిసిపోవు దానికి ఇంత మన్నన యేల?

అంచెల పందెము వర్తకుని ఖాతా వంటిది. నేడు పోయిన నిమిషమును రేపు రాబట్టుకొనవచ్చును. ఎల్లుండి కొండమీద రెండింతలు సంపాదించుకొనవచ్చును. తుదకు అన్ని దినముల కాలమును కూడి, ఎవని మొత్తము తక్కువయో వానినే విజేత యందురు. 1990వ సంవత్సరమున గ్రెగ్ లెమాండ్ అను అమెరికా దేశీయుడు ఒక్క అంచెలోనైనను ప్రథముడు కాకుండగనే టూరును గెలిచెను. అది న్యాయమైన విజయమే, నేర్పుతో కూడినదే. కాని ఒక్కనాటి పందెములో ఇట్టి పొదుపు చెల్లదు. అక్కడ రేపు లేదు. గమ్యరేఖను ముందు దాటినవాడు విజేత. వానికి మూరెడు వెనుక దాటినవాడు ఏమియు కాడు. కనుక దాచుకొనుట యుండదు. ఉన్న బలమంతయు ఆ ఆరేడు గంటలలోనే వెచ్చింపవలెను. కాని తొందరపడి ముందే వెచ్చించినవాడు కడపట చేతులు ముడుచుకొనవలసి వచ్చును. ఎప్పుడు వెచ్చింపవలెనన్నదే ఈ ఆటలోని మర్మము.

ఇట్టి పందెములు ఐరోపాలో అనేకములు కలవు. వానిలో అయిదింటికి ‘స్మారకస్తంభములు’ అను గౌరవనామము ఏర్పడినది. 1892లో మొదలైన లియేజ్–బాస్తోన్–లియేజ్ అన్నిటికంటె పెద్దది. అందుచేత దానికి ‘వయోజ్యేష్ఠ’ అను అర్థము వచ్చు ముద్దుపేరు కలదు. 1896లో పారిస్–రూబే, 1905లో ఇటలీలోని లోంబార్డీ పందెము, 1907లో మిలాన్–సాన్ రేమో, 1913లో ఫ్లాండర్సు పందెము పుట్టినవి. నాలుగు వసంతకాలమున జరుగును. లోంబార్డీ ఒక్కటి మాత్రము ఆకులు రాలుకాలమున జరుగును. ఈ అయిదింటిని గెలిచిన పురుషులను 2025వ సంవత్సరాంతమువరకు లెక్కించినచో ముగ్గురే తేలిరి: రిక్ వాన్ లోయ్, ఎడ్డీ మెర్క్స్, రోజర్ డి వ్లామింక్. ముగ్గురును బెల్జియము వారే. మెర్క్స్ ఒక్క మిలాన్–సాన్ రేమోనే ఏడుసార్లు గెలిచెను.

ఈ పందెములను పుట్టించినవారు ఎవరనుకొన్నారు? చాలవరకు పత్రికలవారు. దీనికొక కారణము కలదు. రెండువందల యేబది కిలోమీటర్ల పొడవున సాగు ఆటను ప్రేక్షకుడు ఎక్కడ నిలిచి చూడగలడు? తన ఊరి మలుపున నిలుచున్నవానికి ఒక అరనిమిషముపాటు రంగుచొక్కాల గుంపొకటి చక్రముల రొదతో కన్నుల ముందునుండి దూసికొనిపోవును. అంతే. మునుపేమి జరిగినదో, ఇకమీద ఏమి జరుగునో వానికి తెలియదు. తెలిసికొనవలెనన్నచో మరునాటి పత్రికను కొనవలసినదే. కనుక పత్రికాధిపతి పందెము నడపెను. పందెము పత్రికను అమ్మిపెట్టెను. ఫ్లాండర్సు పందెమును స్థాపించినవారిలో ఒకడైన కారెల్ వాన్ వైనెండాల పేదయింట పుట్టినవాడు. ఫ్రెంచి భాషకే దొరతనము చెల్లుచున్న ఆనాటి బెల్జియములో అతడు తన జనులు మాటలాడు ఫ్లెమిష్ భాషలో క్రీడాపత్రిక నడపి, తన జనుల త్రోవలమీదనే పందెము పెట్టెను. ఆ ప్రాంతమువారికి ఆ పందెము నేటికిని పండుగ దినమై యుండుటకు ఇదియే మూలము. మాతృభాషా పత్రిక యన్న నేమియో ఎరిగిన మనకు దీనిని వేరుగ వివరింప నక్కరలేదు.

పత్రిక తరువాత రేడియో వచ్చినది. రేడియో ముందు కూర్చుండి వినుచున్న మీకు ఒక ముచ్చట చెప్పెదను. 1946వ సంవత్సరము, మార్చి నెల. యుద్ధము ముగిసి ఏడాదియైనను కాలేదు. ఇటలీలో వంతెనలు కూలియున్నవి, దారులు చెడియున్నవి, జనులు తిండికి కటకటపడుచున్నారు. అట్టి సమయమున మిలాన్–సాన్ రేమో జరిగినది. ఫౌస్తో కొప్పి అనువాడు యుద్ధములో ఖైదీగా చిక్కి విడుదలయై వచ్చినవాడు. గమ్యమునకు ఇంకను ఎంతో దూరముండగనే అతడు కొందరితో కలిసి ముందుకు సాగి, వారిని గూడ ఒక్కొక్కరిని విడిచిపెట్టి, ఒంటరిగా సాన్ రేమో చేరెను. రెండవవాడు వచ్చుటకు పదునాలుగు నిమిషములు పట్టినది. ఇటలీ రేడియో వ్యాఖ్యాత విజేత పేరు చెప్పి, రెండవవాడు వచ్చువరకు శ్రోతలకు నృత్యసంగీతము వినిపింతుమని ప్రకటించెనని ప్రసిద్ధి. ఓడిపోయిన దేశమున, పగిలిన గోడల నడుమ, ఆ సంగీతము విన్నవారికి ఎట్లుండెనో ఊహించుకొనవలసినదే.

ఒంటరిగా పోవుటలోని గొప్పతనమేమో తెలియవలెనన్నచో గాలిని గూర్చి ఒక్క మాట చెప్పవలెను. సైకిలు తొక్కువానికి చదునునేలమీద ప్రధానశత్రువు గాలియే. వేగము పెరిగినకొలది అది గోడవలె అడ్డుపడును. అయితే ఒకని వెనుక చక్రమునకు దగ్గరగా అంటుకొని పోవువానికి ఆ గోడ పగిలిపోయి దారి దొరకును; వానికి దాదాపు మూడవవంతు శ్రమ తగ్గును. గుంపు నడుమ నున్నవానికి ఇంకను సుఖము. కనుక ముందు పోవువాడు వెనుకవానికి తెలిసియో తెలియకయో ఉపకారము చేయుచున్నాడన్నమాట. నలుగురు పారిపోయినచో వారు శత్రువులయ్యును వంతులవారీగా గాలికి ఎదురు నిలిచి ఒకరినొకరు మోయవలెను. గమ్యము కనబడినంతనే ఆ స్నేహము తెగిపోవలెను. ఎవడు తన వంతు ఎగగొట్టుచున్నాడు, ఎవడు అలసినట్లు నటించుచున్నాడు, ఎవడు నిజముగా అలసినాడు అన్న విషయములను ముఖములు చూచి గ్రహింపవలెను. బయటివానికి కాళ్ళ ఆటగా తోచునది లోపలివానికి పేకాటవంటిది.

దీనికి తోడు జట్టులున్నవి. నేడు పెద్ద పందెములలో జట్టునకు ఏడుగురు. వారిలో గెలువదగినవారు ఒకరో ఇద్దరో. తక్కినవారు నాయకునికి గాలి తగులకుండ కాచుదురు, వెనుకనున్న మోటారు వరకు పోయి నీళ్ళ సీసాలు చొక్కాలో కుక్కుకొని తెత్తురు, నాయకుని చక్రము పంక్చరైనచో తమ చక్రమును ఊడదీసి ఇత్తురు. వారి పేర్లు ఫలితముల పట్టికలో ఎక్కడో అడుగున కనబడును. కొందరివి కనబడనే కనబడవు. నా మట్టుకు నాకు, ఈ పందెములలో మిక్కిలి రుచించు విషయము వీరి యీ ఉద్యోగమే. గెలుచుటకు గాక గెలిపించుటకు జీతము పుచ్చుకొను క్రీడాకారుడు తక్కిన ఆటలలో అరుదు.

అయిదు పందెములకు అయిదు తీరులు. మిలాన్–సాన్ రేమో సుమారు మూడువందల కిలోమీటర్లు. వృత్తిపందెములలో అత్యంత దీర్ఘమైనది. నిజము చెప్పవలెనన్నచో అందులో మొదటి ఆరు గంటలు ఏమియు జరుగదు. కునుకు తీసి లేచినను నష్టములేదు. ఆపైన సముద్రపుటొడ్డున పోజ్జో అను చిన్న మిట్ట వచ్చును. 1960లో దారిలో చేర్చిన ఆ మిట్టమీద, దాని మలుపుల దిగుడుమీద, పది నిమిషములలో అంతయు తేలిపోవును. ఆ పది నిమిషముల రుచి ఆ ఆరు గంటల విసుగునుండియే పుట్టునని ఆ దేశమువారి వాదము. లోంబార్డీ పందెము సరస్సుల నడుమ కొండలమీద జరుగును. అక్కడ గిసాల్లో మిట్టపై మేరీమాత గుడి యొకటి కలదు. 1949లో పోపు పన్నెండవ పయస్ ఆ గిసాల్లో మాతను సైకిలిస్టులకు రక్షకదేవతగా ప్రకటించెను. ఆ చిన్నగుడి గోడలకు ప్రసిద్ధులైనవారి సైకిళ్ళు మ్రొక్కుబడులవలె వ్రేలాడుచుండును.

ఫ్లాండర్సు మిట్టలు ఎత్తు తక్కువైనను నిటారైనవి. కోపెన్‌బెర్గ్ అనుదానిని 1976లో చేర్చినప్పుడు పేరుమోసినవారు సైతము దిగి సైకిళ్ళు నెట్టుకొని పోవలసి వచ్చెను. అక్కడ వాలు ఒకచోట నూటికి ఇరువదిరెండు. 1987లో ఆ మిట్టపై ముందు పోవుచున్న యెస్పర్ స్కిబీ అను డేనిష్ యువకుడు పడిపోగా, వెనుకనే వచ్చుచున్న పందెపు అధికారి మోటారు ఆగక వాని సైకిలు చక్రముమీదుగా పోయెను! జనులు మండిపడిరి. 2002 వరకు ఆ మిట్టను పందెమునుండి తొలగించినారు. తప్పు చేసినది మోటారు, శిక్ష పడినది మిట్టకు.

ఇక పారిస్–రూబే సంగతి. దీనికొరకే నేను ఈ ప్రసంగమునకు పూనుకొంటినని చెప్పినను చెప్పవచ్చును.

రూబే ఉత్తర ఫ్రాన్సులో బెల్జియము సరిహద్దున నున్న ఊరు. ఒకనాడు బట్టలమిల్లులకు పేరుగాంచినది. తియోడోర్ వియెన్, మోరిస్ పెరెజ్ అను ఇద్దరు మిల్లుయజమానులు అక్కడ సైకిలు పందెములకు గుండ్రని బాటగల మైదానమొకటి కట్టించిరి. దానికి పేరు తెచ్చుటకై పారిస్ నుండి అక్కడివరకు పందెము నడపింపుడని పత్రికవారిని కోరిరి. 1896లో తొలి పందెము జరుగగా యోసెఫ్ ఫిషర్ అను జర్మను దేశీయుడు గెలిచెను. పిదప మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. ఆ ప్రాంతమంతయు యుద్ధభూమియైనది. యుద్ధానంతరము 1919లో పందెమును మరల నడపదలచి, దారి యెట్లున్నదో చూడబోయిన నిర్వాహకులకును పత్రికలవారికిని కనబడినదేమి? చెట్టునకు చిగురు లేదు. ఇంటికి కప్పు లేదు. బురద, గోతులు, శవముల వాసన. ‘ఇది ఉత్తరదేశపు నరకము’ అని వ్రాసిరి. నేడు ఆ పేరు రాతిబాటల కష్టమునకు చెల్లుచున్నది గాని, మొదట అది యుద్ధమునకు పెట్టిన పేరు. ఆ పందెమునే 1909 మొదలు 1911 వరకు వరుసగ మూడుసార్లు గెలిచిన ఓక్టావ్ లాపీజ్ యుద్ధవిమానము నడపుచు 1917లో మరణించెను.

ఈ పందెపు దారి నేడు సుమారు 260 కిలోమీటర్లు. పేరునకు పారిస్ అయినను 1977 నుండి బయలుదేరునది ఆ నగరమునకు ఉత్తరమున నున్న కోంపియేన్ అను ఊరినుండి. అందులో సుమారు 55 కిలోమీటర్లు రాతిబాట. అది ఒకేచోట గాక ముప్పది ముక్కలుగా వచ్చును. రాతిబాట యనగానే మన గుడిప్రాకారములలోని నునుపైన బండలను తలంపకుడు. ఇవి రొట్టెముద్దలంతేసి గట్టిరాళ్ళు. బండ్లు పోవుటకై పూర్వము పొలముల నడుమ పరచినవి. బీటపండ్లు మోయు బండ్లు, ట్రాక్టరులు వానిని ఎగుడుదిగుడు చేసినవి. కొన్ని పైకి పొడుచుకొని వచ్చును, కొన్ని క్రుంగిపోవును, కొన్నిచోట్ల రెంటి నడుమ చక్రము ఇరుకుకొనునంత సందు. నడుమ వీపువలె ఉబ్బి, రెండు ప్రక్కల వాలియుండును. వానలేనిచో దుమ్ము కన్నులు మూయును. వానవచ్చినచో రాయి వెన్నపూసినట్లగును. సన్నని టైర్లుగల సైకిలుపై వీనిమీద గంటకు నలుబది కిలోమీటర్లకు పైబడిన వేగముతో పోవలెను. నెమ్మదిగా పోయినచో మేలు గదా యని మనకు తోచును. కాని నెమ్మదియైనచో ప్రతి రాయియు లెక్కకు వచ్చును. వేగమున్నచో చక్రము రాళ్ళ తలలను తాకుచు తేలిపోవును. ధైర్యమే ఇక్కడ సౌఖ్యము. హ్యాండిలును గట్టిగా పట్టినవాని అరచేతులు బొబ్బలెక్కును. వదులుగ పట్టినవాడు పడును. టైర్లను వెనుకటికంటె వెడల్పుచేసి గాలి తగ్గించి కొట్టుట నేటివారు కనిపెట్టిన ఉపాయము. దానివలన కొంత మేలు కలిగినది.

ఇందులో ఒక వింత చరిత్ర కలదు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత దేశము బాగుపడగా ఊరూర రోడ్లకు తారు వేయసాగిరి. ప్రతి ఊరి పెద్దయు, ప్రపంచమంతయు చూచు పందెములో తమ ఊరి చెడ్డబాట కనబడుట నామోషియని తలచి, పందెము వచ్చులోపల తారు వేయించుచుండెను. 1960లకు రాతిబాటలు చాలవరకు మాయమైనవి. నరకము లేనిచో పందెమేది? నిర్వాహకులు పాతబాటలను వెదకుటకు మనుష్యులను పంపిరి. అప్పుడు వారికి దారి చూపినవాడు జాన్ స్టాబ్లిన్స్కీ. పోలండునుండి వలసవచ్చిన కుటుంబములో పుట్టి, చిన్నతనముననే బొగ్గుగనిలో కూలికి దిగి, తరువాత సైకిలిస్టుగా పైకివచ్చి 1962లో ప్రపంచవిజేత యైనవాడు. అతడు ఆరెన్‌బెర్గ్ అడవిలోనుండి పోవు ఒక బాట పేరు చెప్పెను. రెండు కిలోమీటర్లకు పైగా, కొలబద్ద పెట్టి గీసినట్లు తిన్నగా పోవు రాతిబాట. ఇరువైపుల దట్టమైన చెట్లు. 1968లో దానిని పందెములో చేర్చిరి. ఆ బాట క్రింద భూగర్భమున బొగ్గు త్రవ్వినవాడును, ఆ బాటపైన పందెములో పాల్గొన్నవాడును స్టాబ్లిన్స్కీయే. ఆ బాట మొదట అతని స్మారకశిల యొకటి నేడున్నది.

ఆరెన్‌బెర్గ్ గని 1989లో మూతపడినది. ఉత్తర ఫ్రాన్సు బొగ్గుగనుల ప్రాంతమును 2012లో ప్రపంచవారసత్వస్థలముగా గుర్తించిరి. బట్టలమిల్లులును పోయినవి. ఒకనాడు ఫ్రాన్సుకు వెచ్చదనమును వస్త్రమును ఇచ్చిన ఆ సీమకు మిగిలినది నిరుద్యోగము. కాని ఆ సిగ్గుపడిన రాళ్ళు మాత్రము నిలిచినవి! నేడు ఏ ఊరి పెద్దయు తన రాతిబాటపై తారు వేయనీయడు. ఈ బాటల మరమ్మతునకై అభిమానుల సంఘమొకటి ఏర్పడినది. ఉద్యానవిద్య నేర్చుకొను విద్యార్థులు వచ్చి రాళ్ళు సవరింతురు. ఆరెన్‌బెర్గ్ బాటలో రాళ్ళ సందున మొలచు గడ్డిని తొలగించుటకు ఇటీవల మేకలమందను తోలిరి. విజేత కిచ్చు బహుమానము బంగారుపాత్ర కాదు. పీఠముపై నిలిపిన ఒక రాయి.

ఇంత కష్టపెట్టు పందెములో న్యాయమున్నదా యని అడుగువారున్నారు. వారి సందేహము తేలికగ త్రోసివేయదగినది కాదు. 1949లో ఆండ్రే మాయే అనువాడు ఇద్దరితో కలిసి అందరికంటె ముందు రూబే మైదానమును చేరెను. ద్వారమువద్ద నున్నవారు త్రోవ తప్పు చూపగా వారు వెలుపలి గోడచుట్టు తిరిగి, పత్రికలవారు కూర్చుండు గ్యాలరీ ప్రక్కనుండి లోపలికి వచ్చిరి. మాయేను విజేతగా ప్రకటించిరి, పూలగుత్తి ఇచ్చిరి. వెనుక వచ్చిన గుంపులో ముందు దాటినవాడు సెర్సే కొప్పి. ఇందాక చెప్పిన ఫౌస్తో కొప్పి తమ్ముడు. నిర్ణీతమార్గమున రానివాని విజయము చెల్లదని వాదము లేచి, అధికారసంఘములయెదుట నెలలతరబడి నడచి, తుదకు ఇద్దరును విజేతలేయని తీర్పు వచ్చినది. 2006లో మరియొక వింత. మన ఊళ్ళలో వలెనే అక్కడను రైలుగేటు పడినది. ముందు నాయకుడు దాటిపోయినాడు. వెనుకవచ్చిన ముగ్గురు మూసిన గేటును తప్పించుకొని దూరిపోయిరి. రెండు, మూడు, నాలుగు స్థానములలో వచ్చిన ఆ ముగ్గురిని పట్టికనుండి తొలగించిరి. గూడ్సుబండి కాలపట్టిక కూడ ఈ పందెములో పాల్గొనునన్నమాట.

అదృష్టము పాలు ఎక్కువైనప్పుడు నేర్పునకు విలువ ఏమున్నదని ప్రశ్న. కాని పట్టికలు చూడుడు. డి వ్లామింక్ నాలుగుసార్లు గెలిచెను. టామ్ బోనెన్ నాలుగుసార్లు గెలిచెను. ఇటలీ దేశీయుడు మోసర్ 1978 నుండి వరుసగా మూడేండ్లును, డచ్చివాడు మాత్యూ వాన్ డెర్ పూల్ 2023 నుండి వరుసగా మూడేండ్లును గెలిచిరి. చీట్లపాటలో ఒకనికే ఇన్నిసార్లు రాదు. పడుటకు తావున్నచోట పడకుండుటయే అక్కడి విద్య.

అయినను ఆ విద్యకు చెల్లించు మూల్యము కొన్నిమారులు మితిమీరును. 1998లో బెల్జియము వీరుడు యోహాన్ మ్యుసేవ్ ఆరెన్‌బెర్గ్ రాళ్ళపై పడగా మోకాలిచిప్ప పగిలెను. గాయమునకు మురికి సోకి, కాలు తీసివేయవలసివచ్చునేమో యన్నంతవరకు పోయినది. రెండేండ్లకు, 2000లో, అతడు మరల అదే పందెము గెలిచి, గమ్యరేఖపై ఆ కాలును పైకెత్తి మోకాలిని వ్రేలితో చూపెను. ఆ దృశ్యమునకు చలింపనివారు లేరు. తరువాతి కాలమున తాను నిషిద్ధౌషధములు వాడితినని అతడే ఒప్పుకొనెను. ఆ గాయము నిజము. ఆ ఒప్పుకోలును నిజము. రెంటిని విడదీసి ఒక్కదానినే చెప్పుట సరికాదు. 2018లో మైకేల్ హోలార్ట్స్ అను ఇరువదిమూడేండ్ల బెల్జియము యువకుడు పందెములో నుండగనే గుండె ఆగి రాతిబాటపై పడిపోయి, ఆ రాత్రియే మరణించెను. ఇట్టి దినమున విజేత రాయిని ఎత్తి చూపుట చూడలేము.

ఫ్రెంచి మహావీరుడు బెర్నార్ ఇనోకు ఈ పందెమన్న గిట్టదు. కష్టమునకు జంకువాడు కాడు. 1980లో లియేజ్ పందెమున మంచు కురియుచుండగా 174 మంది బయలుదేరి 21 మంది మాత్రమే చివరివరకు వచ్చిన దినమున, తొమ్మిది నిమిషములకు పైగా ముందు వచ్చినవాడు. ఆ చలికి తిమ్మిరెక్కిన అతని రెండు వ్రేళ్ళకు స్పర్శ మరల పూర్తిగ రాలేదు. అట్టివాడును పారిస్–రూబేను సర్కసని యీసడించెడివాడు. కాని ప్రపంచవిజేత చొక్కా తొడుగుకొని, రాళ్ళకు భయపడెనని అనిపించుకొనుట ఇష్టములేక 1981లో పాల్గొనెను. పలుమారులు పడెను. చివర గమ్యము చేరువలో ఒక కుక్కపిల్ల అడ్డురాగా మరియొకమారు పడెను. లేచి, గుంపును కలిసికొని, గెలిచెను. గెలిచిన తరువాత గూడ తన అభిప్రాయము మార్చుకొనలేదు. ఇష్టము లేనిదానిని తనకు తగునని చూపి విడిచిపెట్టిన ఆ పౌరుషము నాకు నచ్చును.

నూటయిరువదియైదేండ్లపాటు ఇది మగవారి పందెమే. ఆడువారికి ఈ రాళ్ళు తగవని పెద్దల యభిప్రాయము. 2021 అక్టోబరు 2వ తేదీన తొలిసారి స్త్రీల పందెము జరిగినది. బ్రిటను దేశీయురాలు లిజ్జీ డేగ్నన్, ఒక బిడ్డ తల్లి, మొదటి రాతిబాటవద్దనే అందరిని విడిచి, ఎనుబది కిలోమీటర్లకు పైగా ఒంటరిగా పోయి గెలిచెను. చేతికి తొడుగులు లేవు. గమ్యము చేరునప్పటికి ఆమె సైకిలు హ్యాండిలుపై నెత్తుటి మరకలు కనబడినవి. మరునాడు గెలిచిన పురుషునకు బహుమతి 30,000 యూరోలు. ఆమెకు 1,535 యూరోలు. రాళ్ళు ఇరువురికిని ఒక్కటే. తరువాతి యేండ్లలో స్త్రీల బహుమతి పెరిగినది. ఆ పెరుగుదలకు ఆ నెత్తుటి మరకలును కొంత కారణమైనవని నేను తలంతును.

గెలుపెవరిదో ముందుగ చెప్పలేకపోవుట ఒక్కనాటి పందెపు సొగసు. 2016లో మాథ్యూ హేమన్ అను ఆస్ట్రేలియా దేశీయునకు ముప్పదియేడేండ్లు. ఇతరులకు నీళ్ళు మోయుటలోనే జీవితము గడపినవాడు. పందెమునకు ఆరు వారముల ముందు పడి ముంజేతి ఎముక విరిగినది. బయట తొక్కుటకు వీలులేక, ఇంటిలో కదలని సైకిలుపై అభ్యాసము చేసెను. పారిస్–రూబేలో అతడు పాల్గొనుట అది పదునైదవసారి. ఆనాడు బోనెన్ గెలిచినచో అయిదవ విజయముతో రికార్డు సృష్టించునని లోకమంతయు కాచుకొనియున్నది. అయిదుగురు కలిసి మైదానములోనికి వచ్చిరి. హేమన్ ముందుగ దూకెను. బోనెన్ పట్టుకొనలేకపోయెను. గెలిచిన మనిషి ముఖమున సంతోషముకంటె అపనమ్మకమే ఎక్కువగ కనబడినది.

రూబే మైదానము ప్రక్కన పాతకాలపు స్నానశాలలు కలవు. సిమెంటు గోడల చిన్న చిన్న గదులు. ఒక్కొక్కదానికి ఒక పూర్వవిజేత పేరు చెక్కిన ఇత్తడి రేకు. బురదమయమై వచ్చినవారు ఆ పేర్ల నడుమ కూర్చుండి నీళ్ళు పోసికొందురు. అచ్చటికి చేరుటయే గొప్ప. 2018లో లిథువేనియా దేశీయుడు ఎవల్దాస్ షిష్కేవిచుస్ చక్రము పంక్చరై అందరికంటె వెనుకబడెను. తన జట్టు మోటారు కొరకు చూడగా, అది చెడిపోయి లాగుడుబండి మీద నున్నది! దానినుండియే చక్రమొకటి తీసికొని బిగించుకొని మరల బయలుదేరెను. విజేత వచ్చి గంట కావచ్చినది. మైదానపు తలుపులు మూసినారు. అతడు గేటువద్ద నిలిచి, తెరువుడని అడిగి, లోపలికి వచ్చి, ఖాళీయగుచున్న మైదానములో తాను తిరుగవలసిన చుట్టు తిరిగి ముగించెను. కాలపరిమితి దాటినందున పట్టికలో వాని పేరు చేరలేదు. మరుసటి యేట, 2019లో, అతడు మరల వచ్చెను. ఆమారు తొమ్మిదవవాడుగా చేరెను.